ముందే రాసిన వాసన పుస్తకం

పాలాయన ఆ ఉదయం పెట్టుకున్న పనులు పెద్దవేమీ కావు. తనిఖీ అధికారి వచ్చేలోగా పేడగుంట మీద పట్టా కప్పాలి. కాలువలో నాలుగు బకెట్ల నీళ్ళు కొట్టాలి. ఆయన వచ్చాక చేతులు కట్టుకుని నిలబడాలి. వెళ్ళాక ఒక గంట నడుం వాల్చాలి. ముప్పై ఆరు ఆవులున్నవాడికి నాలుగోదే అసలు కోరిక. మొదటి మూడూ దాని కోసం.

పశువ్యర్థాల, దుర్వాసనల నియంత్రణ శాఖ నుంచి వచ్చే ఆ అధికారిని అందరూ ముక్కాయన అనేవారు. ఇరవై రెండేళ్ళుగా ఆయన ఉద్యోగం కంచె దగ్గర నిలబడి మూడుసార్లు గాలి పీల్చి, సున్నా నుంచి ఐదు దాకా ఒక అంకె వేయడం. తనిఖీ రోజు ఆయన ఉల్లిపాయ తినకూడదు, అత్తరు పూసుకోకూడదు, పని అయ్యేదాకా టీ తాగకూడదు. శాఖ ఆయన ముక్కుని అంత భద్రంగా చూసుకునేది. ముక్కు వెనకున్న మనిషిని పట్టించుకున్న దాఖలా లేదు.

నెలనెలా రెండో మంగళవారం పది గంటలకి వచ్చేవాడు. ఆ రోజూ పదికే వచ్చి, గాలి పీల్చి, "రెండు" అన్నాడు. నాలుగు దాటితేనే నోటీసు. పాలాయన కోడలు టీ తెచ్చింది.

"వద్దమ్మా."

"పనయిపోయింది కదండీ. ఇక ముక్కుకి సెలవేగా."

ఆయన గ్లాసు అందుకున్నాడు. "వాసన పుస్తకం ఇలా ఇవ్వండి."

వాసన పుస్తకమంటే రెండేళ్ళ కిందట శాఖ పశువులున్న ప్రతి ఇంటికీ అంటగట్టిన లావుపాటి పుస్తకం. రోజుకో పుట. గాలి ఎటునుంచి వీచింది, వాసన ఎంత, ఏం పని చేశారు, కూలీలు ఎందరు, బయటి మనుషులు ఎవరైనా వచ్చారా, విశేషాలేమిటి, అన్నిటికీ గడులు. కింద కార్బన్ కాగితం. అసలు రైతుకి, నకలు శాఖకి. తన వాసన తాను రాసుకుంటే రైతు సిగ్గుపడి బాగుపడతాడని శాఖలో ఎవరో అనుకున్నారు. అనుకున్నవాడు ఆవుని దగ్గర్నుంచి చూసి ఉండడు.

పాలాయన ఇంట్లో ఆ రాత కోడలిది. కిందటి నెల ఆమె ముప్పై పుటల్లోనూ "వాసన లేదు, విశేషం లేదు" అని రాసి పంపింది. ఎర్ర సిరాతో తిరిగొచ్చింది. "ప్రతి దినము ఒకే విధముగా ఉండుట అసంభవము. వివరములు వేర్వేరుగా ఉండవలెను. అబద్ధపు నమోదు రుజువైనచో పశువుల లైసెన్సు రద్దు." సరే, వేరుగా కావాలంటే వేరుగానే ఇద్దామనుకుంది ఆమె. ఈ నెల ఒకటో తేదీన, ఉతికిన బట్టలు ఆరేలోగా, నెల మొత్తం కూర్చుని రాసేసింది. ఒక్క రోజు ఇంకో రోజులా లేదు.

ముక్కాయన పన్నెండో తేదీ పుట తీశాడు. చదివాడు. చేతిలో గ్లాసు వంక చూశాడు. మళ్ళీ చదివాడు.

"పది గంటలకు తనిఖీ వారు వచ్చిరి. వాసన రెండు అనిరి. టీ ఇచ్చితిమి. వద్దనిరి. తరువాత త్రాగిరి."

"ఇదెప్పుడు రాశారు?"

కోడలు నోరు తెరిచేలోపు ఆయన పుట తిప్పాడు. పదమూడు నిండి ఉంది. పద్నాలుగు నిండి ఉంది. ఇరవై, ఇరవై ఐదు. ముప్పై ఒకటో తేదీన గాలి ఎటు వీచిందో కూడా ఉంది.

నింపాదిగా అబద్ధమాడటం పాలాయనకి రాదు. కంగారులో నోటికొచ్చింది అనడం వచ్చు. "మా ఇంట్లో అంతే సార్. ముందే అనుకుంటాం. అనుకున్నట్టే చేస్తాం."

"గాలి కూడానా?"

"గాలి కూడా సార్."

ముక్కాయన సంచిలోంచి నిబంధనల పుస్తకం తీసి వేలితో వెతికాడు. "ఏడో నిబంధన. ఆ దినము జరిగినది ఆ దినపు పుటలో ఉండవలెను. ఎప్పుడు రాయాలో ఎక్కడా లేదు."

"అంటే తప్పు లేనట్టేనా సార్?"

"రాసింది జరిగితే నిజం. జరక్కపోతే అబద్ధపు నమోదు. ఒక్క గడి తప్పినా లైసెన్సు పోతుంది, ఆవుల్ని తోలుకుపోతాం."

ఆ మాట అంటున్నప్పుడు ఆయన మొహంలో కోపం లేదు. రెండేళ్ళుగా ఇంటింటా "విశేషం లేదు" అని మాత్రమే చదివిన మనిషికి మొదటిసారి విశేషం ఉన్న పుస్తకం దొరికింది. నకళ్ళన్నీ జాగ్రత్తగా చింపి సంచిలో పెట్టుకున్నాడు. "రోజూ వస్తాను. ముందు పుటలు మాత్రం చదవను. ఏ రోజుది ఆ రోజే" అన్నాడు, తనకి తాను ఆంక్ష పెట్టుకుంటున్నట్టు.

ఆయన గేటు దాటగానే ఇంటిల్లిపాదీ పుస్తకం చుట్టూ చేరారు. కొడుకు మాత్రం పాల వ్యాను మీద పోయాడు. ఇంటి సంగతులు అతనికి ఊళ్ళోవాళ్ళ ద్వారా తెలుస్తాయి.

"ఏం రాశావమ్మా?" అన్నాడు పాలాయన.

"మొదటి పదిహేనూ ఒళ్ళు దగ్గర పెట్టుకునే రాశాను మామయ్యా."

"తర్వాత?"

"విసుగొచ్చింది. ఎంతసేపని పేడ గురించి రాస్తాం?"

"ఏముంది, రాసింది చేస్తే సరి" అంది అత్తగారు. "పెళ్ళయిన దగ్గర్నుంచి నేను చెప్పింది ఒక్కటి చేశారా ఈయన? ఇప్పుడు ప్రభుత్వం దగ్గరుండి చేయిస్తుంది."

పదమూడో తేదీన పుట ప్రకారం గాలి ఉత్తరం నుంచి రావాలి. వాసన రెండు ఉండాలి. తెల్లారి చూస్తే కంచె గుంజకి కట్టిన గుడ్డ పీలిక దక్షిణపు గాలికి ఎగురుతోంది. పాలాయన దాన్ని చేత్తో ఇటు తిప్పి చూశాడు. వదలగానే అటే పోయింది. అప్పుడు కోడలు కొట్టంలో ఈగలు తోలడానికి పెట్టిన రెండు పెద్ద ఫ్యాన్లు కంచె దగ్గరికి లాగించి ఉత్తరం వైపు నిలబెట్టింది. పదింటికి ముక్కాయన వచ్చాడు. పీలిక చూశాడు, ఫ్యాన్లు చూశాడు, నిబంధనలు చూశాడు. "గాలి దిక్కు కంచె పీలికతో నిర్ణయించవలెను. అంతే ఉంది. ఉత్తరమే" అన్నాడు. గాలి పీల్చాడు. "రెండున్నర. సగాలు లెక్కలోకి రావు. రెండు."

ఆ ఉత్తరపు గాలి నేరుగా పోయి దక్షిణం ఇంట్లో పడింది. ఆ ఇల్లు దర్జీది. దర్జీ అంటే పరాయివాడు కాడు, పాలాయన భార్య చెల్లెలి మొగుడు. తోడల్లుళ్ళిద్దరికీ పదకొండేళ్ళుగా మాటల్లేవు. అక్కచెల్లెళ్ళు మాత్రం రోజూ గోడ మీంచి మాట్లాడుకునేవారు, మగవాళ్ళ పౌరుషానికి కేటాయించే తీరిక వాళ్ళకి లేదు. కొత్త కోటు తొడుక్కున్న పెళ్ళికొడుకులు పశువుల కొట్టంలా కంపుకొడుతున్నారని దర్జీ ఏడాదికొకటి చొప్పున పదకొండు ఫిర్యాదులు పెట్టాడు. ఫ్యాన్లు తిరిగిన గంటలో పన్నెండోది పెట్టాడు.

పదిహేనో తేదీ పుటలో "తెల్లమచ్చల ఆవు ఈనినది. పెయ్యదూడ" అని ఉంది. ఆవుకి నెలలు నిండాయని కోడలికి తెలుసు, తేదీ మాత్రం ఊహ. పద్నాలుగో తేదీ పగలంతా పాలాయన దాని పక్కనే నిలబడి, అది కాస్త ఒళ్ళు విరిచినప్పుడల్లా "రేపు తల్లీ, రేపు" అని బతిమాలాడు. మర్నాడు పదింటికి ముక్కాయన చూస్తుండగానే ఈనింది. పెయ్యే.

ముక్కాయన చేతిలోని కాగితం జారిపోయింది. కాసేపు దూడనీ, కోడలినీ మార్చి మార్చి చూశాడు. గొంతు తగ్గించి, "అమ్మా, నా బదిలీ సంగతేమన్నా…" అన్నాడు.

"వాసన పుస్తకంలో బదిలీల గడి లేదండీ."

ఆయన ఎవరికీ చెప్పొద్దని ఒక్కరికే చెప్పాడు. ఆ ఒక్కరూ అలాగే ఒక్కరికే చెప్పారు. పదిహేడో తేదీ ఆదివారం తెల్లారేసరికి పాలాయన గేటు ముందు ముప్పై మంది ఉన్నారు. తప్పిపోయిన మేక ఎప్పుడొస్తుందని ఒకరు, అలిగిన అల్లుడు ఎప్పుడొస్తాడని ఒకరు. అల్లుడి గురించి అడిగినావిడ, రాకపోయినా ఫరవాలేదు, ముందు తెలిస్తే చాలంది.

కోడలు పరుగున వెళ్ళి ఆ రోజు పుట తీసింది. "బయటి మనుషులు: ఎవరూ రాలేదు. కూలీలు: ఇరవై ఇద్దరు. పని: కొట్టమంతయు కడిగితిమి, పేడగుంట ఖాళీ చేసి పొలములకు తోలితిమి. వాసన: సున్నా."

పాలాయన గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. "ఇరవై ఇద్దరు కూలీలేంటమ్మా! మనింట్లో ఉన్నదే నలుగురం!"

"గడి వెడల్పుగా ఉంది మామయ్యా. రెండంకెలు వేస్తే నిండుగా ఉంటుందనిపించింది."

"ముందు వీళ్ళని తరమాలి. పట్టా తీసేస్తా. ఆ కంపుకి ఒక్కడు నిలబడడు."

"జనంతో పాటు సున్నా కూడా పోతుంది మామయ్యా."

కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. పాలాయన పట్టా అంచు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. కోడలు గేటు దగ్గరికి వెళ్ళి, ఉన్న పారలూ తట్టలూ చీపుళ్ళూ అన్నీ బయటపెట్టి, జనాన్ని లెక్కపెట్టింది. "జరగబోయేది తెలియాలంటే ముందు జరగాల్సింది చెయ్యాలి. ఇరవై రెండు మంది లోపలికి రండి. మిగతావాళ్ళు మళ్ళీ ఎప్పుడైనా" అంది. తోసుకుని మరీ వచ్చారు. ముక్కాయన వచ్చేసరికి ఇస్త్రీ చొక్కా వేసుకున్న బడిపంతులు నెత్తిన పేడతట్టతో ఎదురయ్యాడు.

"వీళ్ళంతా బయటి మనుషులా?"

"కూలీలండీ. కావాలంటే చేతులు చూడండి."

ఆయన ఇరవై రెండు జతల చేతులూ చూశాడు. కంచె దగ్గర మూడుసార్లు గాలి పీల్చాడు. నమ్మకం కుదరక నాలుగోసారి పీల్చాడు. సున్నా. ఉద్యోగంలో చేరాక అది ఆయనకి మొదటి సున్నా. రాయడం అలవాటు లేక గుండ్రంగా రాలేదు. కోడలు ఇరవై ఇద్దరికీ ఒకే మాట చెప్పి పంపింది. "కాస్త ఓపిక పట్టండి." అందరూ తృప్తిగా వెళ్ళారు.

పంతొమ్మిదో తేదీ పుటని పాలాయన మూడుసార్లు చదివి పుస్తకాన్ని అరుగు మీద పడేశాడు. అందులో పేడ లేదు, గాలి లేదు. "పక్కింటి చిన్నమామయ్య గారికి మామయ్య గారు క్షమాపణ చెప్పిరి. వారు క్షమించిరి" అని ఉంది.

"నేనా? వాడికా?"

"పద్దెనిమిది రోజులు పశువుల గురించి రాశాక మనుషుల గురించి రాయాలనిపించింది మామయ్యా."

"తోలుకుపోనీ ఆవుల్ని! నేను మాత్రం వెళ్ళను."

అత్తగారు కొట్టం వైపు చూసింది. "ముప్పై ఆరు ఆవులు, నాలుగు రోజుల దూడ. అటు ఒక్క మాట. ఏది బరువో తమరే చూసుకోండి. రేపట్నుంచి ఏం తింటామో కూడా ఆ పౌరుషాన్నే అడగండి."

పాలాయన వెళ్ళాడు. వెనక కోడలు, ఆ వెనక నకలు పట్టుకుని ముక్కాయన. దుకాణంలో దర్జీ టేపు మెళ్ళో వేసుకుని గుడ్డ కత్తిరిస్తున్నాడు. తలెత్తలేదు.

"తమ్ముడూ, క్షమించు."

"దేనికి?"

"దేనికోదానికి. పుస్తకంలో దేనికో రాయలేదు."

దర్జీ ముక్కాయన వైపు తిరిగాడు. "నేను క్షమించకపోతే ఏమవుతుంది సార్?"

"పుట అబద్ధమవుతుంది. లైసెన్సు రద్దు."

దర్జీ కత్తెర కింద పెట్టాడు. పన్నెండు ఫిర్యాదులకి కాని పని ఒక్క మాటకి అవుతోంది. "అయితే క్షమించను" అన్నాడు.

"చిన్నమామయ్యా, మీ కాళ్ళు పట్టుకుంటా…"

"నువ్వాగమ్మా. ఆ కోటు చేతులు రెండూ సమానంగా ఉన్నాయని మీ మామని ఒప్పుకోమను. అప్పుడు చూద్దాం."

పదకొండేళ్ళ కిందట ఇంటి ఆఖరి మరదలి పెళ్ళికి దర్జీ తోడల్లుడికి కోటు కుట్టి ఇచ్చాడు. పాలాయన దాన్ని తొడుక్కుని, పందిట్లో వందమంది ముందు రెండు చేతులూ చాచి, "మా తమ్ముడి పనితనం చూడండి, కుడి చెయ్యి పొట్టి" అన్నాడు. జనం నవ్వారు. వారం తిరక్కుండా మొదటి ఫిర్యాదు శాఖకి చేరింది.

అందరూ పాలాయన వైపు చూశారు. "గాలి గురించి ఎన్ని చెప్పమన్నా చెప్తా. ఆ కోటు మాత్రం కుడి చెయ్యి అంగుళం పొట్టి."

"మామయ్యా!"

"పొట్టే!"

ముక్కాయనకి ఏ నిబంధనా గుర్తుకురాలేదు. ఆయనకి ఆ కోటు చూడాలనిపించింది. "అదిప్పుడు ఉందా?" అన్నాడు. గోడ అవతల అన్నీ వింటున్న అత్తగారు అప్పటికే పెట్టె తెరిచింది. కోటు గోడ మీంచి వచ్చింది. పేడగుంట ఇంటికెంత దూరమో కొలిచే టేపుతో ముక్కాయన చేతులు రెండూ కొలిచాడు. ఇరవై నాలుగు అంగుళాలు. ఇరవై నాలుగు అంగుళాలు.

"చూశారా!" అన్నాడు దర్జీ.

పాలాయన కోటు లాక్కుని తొడుక్కున్నాడు. ఎడం వైపు చక్కగా మణికట్టు దాకా వచ్చింది. కుడి మణికట్టు అంగుళం బయటుంది. "చూశారా!" అన్నాడు పాలాయన.

ముక్కాయన ఒక నిమిషం ఆలోచించి, కోటు విప్పించి, ఈసారి మనిషి చేతులు కొలిచాడు. ఎడమ ఇరవై నాలుగు. కుడి ఇరవై ఐదు. ముప్పై ఏళ్ళుగా నిండు పాల క్యాన్లు మోసిన చెయ్యి అంగుళం సాగిపోయింది.

దర్జీ నోరు తెరిచాడు. "నేను ఎడమ చెయ్యే కొలుస్తా. ఎవరికైనా ఒక్కటే కొలుస్తాం. రెండూ ఒకటి కావని చెప్పొద్దూ?"

"నాకేం తెలుసు? పాలు కొలుచుకునేవాణ్ణి, చేతులు కొలుచుకుంటానా?"

పదకొండేళ్ళ పగ అంగుళంలో ఇమిడిపోయింది. చాలా పగలకి ఆ మాత్రం కూడా ఉండదు. ముక్కాయన గడియారం చూసుకుని, "పుట ఐదు గంటలకి మూసెయ్యాలి" అన్నాడు.

"సరే, క్షమించా" అన్నాడు దర్జీ, కత్తెర మళ్ళీ అందుకుని. "కోటు వేరు, వాసన వేరు. ఫిర్యాదు పెట్టడం మాత్రం మానను."

"ఫర్వాలేదు చిన్నమామయ్యా" అంది కోడలు. "మానినట్టు నేనెక్కడా రాయలేదు."

మిగిలిన పుటలు అంత కష్టపెట్టలేదు. ఇరవై మూడున వర్షం రాసి ఉంటే, కొడుకు కప్పు మీదికెక్కి గొట్టంతో కురిపించాడు. ముక్కాయన గొడుగు వేసుకుని నిలబడ్డాడు. ఇరవై ఎనిమిదిన "మామయ్య గారు నవ్విరి" అని ఉంది. అది వర్షం కంటే ఆలస్యమైంది. పది నుంచి పన్నెండు దాకా అందరూ ఆయన చుట్టూ కూర్చున్నారు. చివరికి కాగితం, కలం పట్టుకుని తన నోటి కేసే చూస్తున్న ముక్కాయన మొహం చూసి పాలాయనకి నిజంగానే నవ్వొచ్చింది. ముప్పై ఒకటిన నివేదిక వెళ్ళింది. అన్ని పుటలూ నిజం. శాఖ ఎన్నడూ లేని తొందరలో ఆ పూటే లైసెన్సు మూడేళ్ళకి పొడిగించింది. పాలాయన ఆ మధ్యాహ్నం నడుం వాల్చాడు. సరిగ్గా గంటసేపు.

లేచేసరికి శాఖ ఉత్తర్వు వచ్చి ఉంది. "ఆదర్శ పశుశాల అనుభవము దృష్ట్యా ఇకపై ప్రతి రైతు వాసన పుస్తకమును నెల ముందుగా పూరించి, తదనుగుణముగా నడుచుకొనవలెను. ఫిర్యాదుదారులు సైతము తమ ఫిర్యాదులను తేదీల వారీగా నెల ముందుగా సమర్పించవలెను. వాటిని ఫిర్యాదుదారుని కిటికీ వద్ద పరీక్షించెదము. అబద్ధపు ఫిర్యాదు రుజువైనచో అతని దుకాణపు లైసెన్సు రద్దు." చుట్టుపక్కల పశువులవాళ్ళంతా పాలాయన గుమ్మంలోకొచ్చి తిట్టిన తిట్లు ఏ గడిలోనూ పట్టవు.

దర్జీ మాత్రం సంతోషించాడు. ఒకేసారి ముప్పై ఫిర్యాదులు పెట్టే అవకాశం మళ్ళీ రాదు. ముప్పై రోజులకీ "వాసన నాలుగు" అని రాసి, అదే రోజు పరుగున వెళ్ళి ఇచ్చేసి వచ్చాడు. ఇచ్చి ఇంటికొచ్చి కిటికీ తెరిచి గాలి పీల్చాడు. ఏమీ లేదు. ఇరవై ఇద్దరు కడిగిన కొట్టం, ఖాళీ అయిన గుంట, పైగా కోడలు వచ్చే నెలంతా సున్నాలే రాసింది, రోజులు వేర్వేరుగా ఉండాలని కొత్త ఉత్తర్వులో లేదని. దర్జీ కిటికీ మూసి, మళ్ళీ తెరిచి పీల్చాడు. సబ్బు వాసన వచ్చింది.

ఒకటో తేదీ ఉదయం తొమ్మిదింటికి దర్జీ పాలాయన గేటు దగ్గర నిలబడ్డాడు. పదకొండేళ్ళలో ఆ గేటు ముట్టుకోవడం అదే మొదలు.

"అన్నయ్యా, ఒక్క గంట కాస్త కంపు రానిస్తావా? నాలుగు రావాలి. లేకపోతే నా దుకాణం పోతుంది."

"వస్తే నా సున్నా పోతుంది కదా తమ్ముడూ. సున్నాతో పాటు ఆవులూ పోతాయి."

ఇద్దరూ కోడలి వైపు చూశారు. ఆమె పుస్తకం తిరగేయలేదు. కొట్టంలోకి వెళ్ళి, ఆ ఉదయం వేసిన పేడ తట్ట నిండా ఎత్తి తెచ్చి దర్జీ చేతికిచ్చింది. ఆయన దాన్ని చొక్కాకి అంటకుండా చేతులు చాచి పట్టుకుని, దారిన పోయేవాళ్ళు చూస్తుండగా తీసుకెళ్ళి, తన కిటికీ కింద తనే పోసుకున్నాడు. పదింటికి ముక్కాయన కంచె దగ్గర పీల్చి సున్నా వేశాడు, కిటికీ దగ్గర పీల్చి నాలుగు వేశాడు. మర్నాడూ అంతే. దర్జీ రోజుకో తట్ట మోశాడు.

రైతూ ఫిర్యాదుదారూ ఇద్దరూ ముప్పై రోజులూ నిజమే చెప్పిన నెల శాఖ చరిత్రలో అదొక్కటే.